దలారి నోట ఓనరు మాట

ఇల్లు కిరాయికి చూపించే బ్రోకరు ముందు పేరు అడుగుతాడు. జీతమెంత, ఇంట్లో ఎంతమంది అన్నవి తర్వాత. పేరు వినగానే గొంతు మారుతుంది. "నాకేం అభ్యంతరం లేదు సార్. ఓనర్లు ప్యూర్ వెజిటేరియన్, ఒప్పుకోరు." హైదరాబాదులో ఇల్లు వెతికిన ముసల్మానుకు ఈ మాట కొత్త కాదు. దళిత మిత్రులకూ కొత్త కాదు. మాంసం తినే మరో కులస్తుడు నెల తిరక్కుండా అదే ఇంట్లో దిగుతాడు, అది వేరే ముచ్చట.

ఓనరు సంగతి అందరం మాట్లాడుకున్నదే. మధ్యలో నిలబడ్డ మనిషి సంగతేమిటి? తాను మాట మోసేవాణ్ణేనంటాడు. ఉత్తరంలో ఉన్నదానికి పోస్టుమాన్ బాధ్యుడు కాడు, నిజమే. అయితే పోస్టుమాన్ మన పేరు చూసి ఉత్తరాన్ని సంచిలో దాచెయ్యడు. బ్రోకరు దాస్తాడు. చాలాసార్లు ఓనరు నోరు విప్పకముందే, "వీళ్ళకి చూపించి లాభం లేదు" అని తనే తీర్పు చెప్పేస్తాడు. ఖాళీగా ఉన్న ఇల్లు అప్పటికప్పుడు నిండిపోతుంది. ఆ అబద్ధం ఓనరు ఆడలేదు. అది అచ్చంగా బ్రోకరుదే.

చట్టాన్ని అడుగుదామా? రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువుల దగ్గర మతవివక్ష కూడదంది. సొంత ఇల్లు ఆ జాబితాలో లేదు. అహ్మదాబాదులోని ఒక పార్సీ గృహనిర్మాణ సంఘం కేసులో, పార్సీలకే సభ్యత్వమన్న నిబంధన చెల్లుతుందని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. 2016లో రెరా చట్టం వచ్చింది. ఏజెంటు రిజిస్టరు చేసుకోవాలి, రిజిస్టరు కాని ప్రాజెక్టులో ప్లాటు అమ్మిపెట్టకూడదు. తప్పితే రోజుకు 10,000 రూపాయల జరిమానా, ఆస్తి విలువలో 5 శాతం దాకా. మంచిదే. కానీ కిరాయి ఇళ్ళ బ్రోకరు దాని లెక్కలోకే రాడు. ఏజెంటు విధుల్లో మతం ఊసే లేదు. ప్లాటు గురించి అబద్ధం చెబితే తప్పు, మనిషి పేరు విని ఇల్లే లేదని చెబితే వ్యాపారం! అమెరికాలో 1968 నాటి చట్టం, మతాన్నో రంగునో చూసి ఖాళీ ఇంటిని లేదని చెప్పడాన్నే నిషేధించింది. అక్కడ వివక్ష పోయిందా అంటే పోలేదు. అయినా ఫిర్యాదు చెయ్యడానికో తలుపుంది.

లౌకిక మిత్రులను అడిగిందే మన బ్రోకర్ భాయ్‌లనూ అడగాలి. ముస్లిం గిరాకీ రాగానే ఇంకే బస్తీ చూపించకుండా నేరుగా టోలీచౌకీకి నడిపిస్తారు. "ఎందుకు భాయ్ అవమానం, మనవాళ్ళ మధ్య ఇజ్జత్‌గా ఉండండి" అంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ ఎక్కడ ఉండాలో తేల్చుకునే హక్కు గిరాకీది. ఇక వక్ఫ్ జాగాను నోటరీ కాగితం మీద అంటగట్టేవాళ్ళున్నారు. వక్ఫ్ ఆస్తి అమ్మకం చెల్లదని 2013 సవరణ తేల్చి చెప్పినా, సలాం చెప్పి మరీ అమ్ముతారు. ఇక్కడ ఓనరు మీదికి నెట్టడానికి కూడా లేదు.

కమీషను పోతుందన్న భయం బ్రోకరుకు ఉంటుంది. ఇంటి సామాను మొయ్యాల్సిన బతుకే అతనిదీ. అయినా అతను చెయ్యగల పని ఒకటుంది. "ముసల్మాన్లకు ఇవ్వను" అన్న షరతును కాగితం మీద రాసి సంతకం పెట్టమని ఓనరును అడగొచ్చు. నోటితో చెప్పేవాళ్ళలో రాసిచ్చేవాళ్ళెందరు?