దొంగ, నీరు, నిప్పు

"ఏమయ్యా, నా వ్యాసాలు తెరిస్తే పేకాట ప్రకటనలు వస్తున్నాయేంటి?" అని అశోక్‌నగర్ నుంచి మాస్టారు ఫోన్ చేస్తే నవ్వేశాను. ఏదో తప్పు నొక్కి ఉంటారులే అనుకున్నాను. సాయంత్రానికి ఆ నవ్వు పోయింది.

అప్పట్లో ఒక చిన్న సాహిత్య వెబ్‌సైటు నడిపేవాణ్ణి. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఏళ్ళ తరబడి చూసిన నాటకాల గురించి మాస్టారు ఒక నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఆ 31 వ్యాసాలనూ నేరుగా సైటులోనే టైపు చేసి పెట్టాను. తర్వాత ఆయన ఇల్లు మారుతూ, "కంప్యూటర్లో పదిలంగా ఉన్నాయిగా" అని ఆ పుస్తకాన్ని పాత పేపర్లతో పాటు వేసేశారు. 'పదిలంగా' అన్న మాట విని కూడా నేను ఊరుకున్నాను.

పదిలంగా ఏమీ లేవు. సైటులో ఒక పాత ప్లగిన్ ఉంది. అప్‌డేట్ చేయమని నెలల తరబడి అడుగుతూనే ఉంది, నేను తర్వాత చూద్దాంలే అంటూనే ఉన్నాను. ఎవరో అందులోంచి దూరారు. హోస్టింగ్ వాళ్ళు అకౌంటు మూసేసి ఫైళ్ళన్నీ తుడిచేశారు. బ్యాకప్ లేదా అంటే, ఉంది. అదే సర్వర్లో, పక్క ఫోల్డర్లో. అన్నిటితో పాటు అదీ పోయింది.

మాస్టారుండే చోట అడుగడుక్కీ జిరాక్స్ షాపులే. గ్రూప్స్‌కి చదివే పిల్లలు ఒకరి నోట్సు ఇంకొకరు కాపీలు తీయించుకుంటూ బతికే వీధులవి. ఆ నోటుపుస్తకం చంకలో పెట్టుకుని ఆ షాపుల ముందు నుంచే నడిచి వెళ్ళాను. ఒక్కచోటా ఆగాలనిపించలేదు.

మాస్టారు కోప్పడలేదు. "దొంగలు పడితే నువ్వేం చేస్తావు నాయనా" అన్నారు. ఆ ఓదార్పు వెనక చాలా పాత న్యాయం ఉంది. మనుస్మృతితో నాకు బోలెడు పేచీలున్నాయి గానీ, ఎనిమిదో అధ్యాయంలో నిక్షేపాల గురించి చెప్పిన ఒక సంగతి అప్పట్నుంచీ నన్ను వదలడం లేదు. దాచమని ఇచ్చిన సొమ్మును దొంగలు ఎత్తుకుపోయినా, నీళ్ళు కొట్టుకుపోయినా, నిప్పు కాల్చేసినా, దాచినవాడు అందులోంచి ఏమీ కాజేయకపోతే తిరిగి ఇచ్చుకోనక్కర్లేదట. సబబే అనిపిస్తుంది. కావాలని తప్పు చేయనివాణ్ణి పట్టుకుని నిలదీయడం ఏం ధర్మం?

కానీ అది బంగారానికి సరిపోయే న్యాయం. ఒకే కాసును రెండుచోట్ల దాచలేం. రాతను దాచగలం.

మాస్టారింటికి దగ్గర్లోనే, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలోకి 2000 ఆగస్టు వరదల్లో నీళ్ళొచ్చి పుస్తకాలు తడిసిపోయాయి. అరుదైన అచ్చు పుస్తకాలకు నకళ్ళు తీయడం ఆ రోజుల్లో మాటలు కాదు. అది నష్టమే, నేరం కాదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ తగలబడింది. బ్యాకప్‌ను కూడా అక్కడే ఉంచుకున్నవాళ్ళలో కొందరు రెండూ పోగొట్టుకున్నారు. ఒకే కప్పు కింద ఉన్న రెండు కాపీలు నిజానికి ఒక్కటే.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు అందుబాటులో లేకుండా పోయినా, అందులోని ఎన్నో తెలుగు పుస్తకాలను మనం ఈనాటికీ చదవగలుగుతున్నాం. వాటి నకళ్ళు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉండటమే కారణం. తాటాకుల కాలం నుంచీ మన సాహిత్యం బతికింది అలాగే. తాళం వేసిన పెట్టె కన్నా తిరగరాసిన చెయ్యే దాన్ని ఎక్కువగా కాపాడింది.

కాబట్టి దొంగ, నీరు, నిప్పు అనే మూడు సాకులూ నాకు చెల్లవు. కొన్ని నిమిషాల పనితో తప్పే నష్టాన్ని విధి మీదికి నెట్టలేను. 'నా సైటు' అనేవాణ్ణి. డొమైన్ నాది, పాస్‌వర్డ్ నాది, అద్దె కట్టేది నేను. అందులో ఉన్నవి మాత్రం నావి కావు.

అన్నీ పోయేవేగా, ఎన్నని దాస్తాం అని ఒక మిత్రుడు అన్నాడు. నిజమే, నా రాతలు పోతే నేనూ ఆ మాటే అనుకోవచ్చు. వైరాగ్యం సొంత సొమ్ము మీద చూపిస్తే అందం. పరాయి సొమ్ము మీద చూపిస్తే దానికి నిర్లక్ష్యం అనే ఇంకో పేరుంది.

వేబ్యాక్ మెషీన్‌లో వెతికితే 12 వ్యాసాలు దొరికాయి. మిగిలిన 19లో కొన్నిటిని మాస్టారు మళ్ళీ రాస్తున్నారు. "అచ్చం అలా రావడం లేదయ్యా. అప్పటి నటుల పేర్లు గుర్తు రావట్లేదు" అంటారు. ఆ పేర్లు ఇంకెక్కడా లేవు.

ఇప్పుడు కొత్త సైటుకు అప్‌డేట్లు ఏ రోజువి ఆ రోజే చేస్తున్నాను. పాస్‌వర్డ్‌కి తోడు ఫోనుకొచ్చే కోడ్ కూడా పెట్టాను. వారానికోసారి ఒక కాపీ వేరే కంపెనీ సర్వర్‌లోకీ, ఒకటి నా ఇంట్లో హార్డ్‌డిస్క్‌లోకీ వెళ్తుంది. నెలకోసారి వాటిని తెరిచి చూస్తాను, తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే కాబట్టి. రేపు నాకేమైనా అయితే తాళాలు ఎక్కడున్నాయో ఇంకొకరికి తెలుసు.

పోయిన వారం మాస్టారు కొత్తగా రాసిన నాలుగు కాగితాలు చేతిలో పెట్టారు. కిందికి దిగి మొదట కనిపించిన జిరాక్స్ షాపు దగ్గర ఆగాను. అసలు ప్రతిని వెనక్కి తీసుకెళ్ళి ఆయనకే ఇచ్చేసి, కాపీ తీసుకుని ఇంటికొచ్చాను.