గతించినవారి గొంతుక

ఇటీవల మేము కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రమును మరల జదివితిమి. అందులకు గారణము సాహిత్యాభిలాష గాదు, ఒక దానపత్రము. తుళ్లూరు ప్రాంతమున న్యాయవాదవృత్తి జేయు మాబోంట్లకు దానపత్రములు క్రొత్త గావు. 2015వ సంవత్సరమున రాజధానికై భూముల పూలింగు జరిగినది మొదలు, ప్రత్తియు మిరపయు పండిన మెట్టచేలును, కృష్ణయొడ్డున మూడు పంటలు పండిన జరీబు భూములును కాగితములమీది ప్లాటులైనవి. వాని చుట్టును పుట్టిన పత్రములకు లెక్కలేదు. ఈ పత్రము మాత్రము వేరు. వ్రాయుమని మమ్ము గోరినది భార్య. వ్రాయుమని యామె నాజ్ఞాపించినది, ఆమె చెప్పిన ప్రకారము, నాలుగేండ్ల క్రిందట గతించిన భర్త.

ఆమె వయస్సు నలువది దాటలేదు. బిడ్డలిద్దరు. (ఆనవాలు తెలియకుండుటకై కొన్ని వివరములను మార్చితిమి, సారమును మార్చలేదు.) మిరప పెట్టుబడిని గూర్చి ఒక యుదయమున భార్యాభర్తలు మాటా మాటా యనుకొనిరి. సాయంకాలమునకు ఆయన చేనిగట్టున గుండె యాగి పడిపోయెను. కడపటి మాట కోపపు మాటయయ్యెనే యని యామె పడిన పరితాపము ఇంతింతయని చెప్పజాలము. పొరుగూర నొకడు అమావాస్యరాత్రులందు పూనకము పూని చనిపోయినవారి గొంతుకతో మాటలాడునని యెవరో చెప్పగా పోయినది. మొదటి రాత్రియే ఆ గొంతుక, "నీమీద నాకు కోపము లేదు" అన్నదట. ఆ యొక్క మాటకై యామె తన సర్వస్వము నిచ్చియుండును. గొంతుక తొందరపడలేదు. రెండవయేట ప్లాటులలో నొకటి పూనకపువాని మందిరమున కీయుమన్నది. ఇంతలో భార్య పోయిన యొక బడిపంతులు, మర్యాదస్థుడు, ఆమెను వివాహమాడుదునని పెద్దలచేత నడిగించెను. ఆమెకును ఇష్టము లేకపోలేదు. గొంతుక వలదన్నది.

ఈ కథను విన్న రాత్రియే పంతులుగారి పుస్తకమును దీసితిమి. 1878లో వివేకవర్ధనిలో వెలువడ నారంభించి 1880లో గ్రంథరూపము దాల్చిన యీ చరిత్రము తెలుగు నవలలలో మొదటిదని పలువు రందురు. 1887లో ఫార్చ్యూన్స్ వీల్ అను పేర నాంగ్లమునను వెలసినది. వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ పోలికలున్నను, ధవళేశ్వరపు గోదావరియొడ్డున నిలిపిన యా యిల్లు మన యిల్లే. కథాకాలము తెల్లవారి ప్రభుత్వమునకు ముందటి పెద్దాపుర సంస్థానపు నాళ్లు. పంతులుగారు పూర్వకాలమును వర్ణించుటకు గాక, తమ కాలపు మూఢత్వమును దూరముగా నిలిపి చూపుటకు ఆ నాళ్లను దీసికొనిరని మా తలంపు. రాజశేఖరుడు ధనవంతుడు, దాత, ముఖస్తుతికి లొంగువాడు. ఆ యింటికి జోస్యుడు వచ్చును, అంజనము వేయువాడు వచ్చును, భూతవైద్యుడు వచ్చును. బంగారమును ఇబ్బడి చేసి యిత్తునన్న యోగి వచ్చి ఉన్న బంగారముతో మాయమగును. నలువురును గలిసి యిల్లు గుల్ల చేయుదురు.

మమ్ము నిలిపివైచినది పెద్దకూతురు రుక్మిణి కథ. ఆమె భర్త పరదేశమున మరణించినట్లు వార్త వచ్చును. శవమును జూచినవారు లేరు. తెచ్చినవాని మాట తప్ప వేరు సాక్ష్యము లేదు. అయినను యిల్లంతయు నమ్మును. న్యాయశాస్త్రమైన నొక మనుష్యుని జాడ ఏడేండ్లు తెలియనిదే మృతుడని యూహింప నొప్పుకొనదు. ధవళేశ్వరపు బంధువర్గమునకు ఒక్క పూట చాలినది. జోస్యమును, అంజనమును నమ్మిన మనస్సే విన్నమాటను నిజముగా దీసికొన్నది. ఈ రెండును ఒక్కచోటి రోగములే యని పంతులుగారు ఎచ్చటను పీఠమెక్కి చెప్పలేదు. కథ నడిపిన తీరుననే చెప్పిరి. కడకు భర్త సజీవుడై తిరిగి వచ్చును. నడుమ రుక్మిణి దొంగలచేత గాయపడి, చచ్చినదని విడువబడి, మగవేషమున మెలగి, తానును జావునుండి లేచి వచ్చినదానివలె నయినవారిని గలియును. దయ్యములను బరిహసించిన నవలలో చనిపోయినవారందరు తిరిగివచ్చుట వింతగదా!

ఇచ్చట పంతులుగారితో మాకొక తగవు గలదు. భర్త బ్రదికి రాగానే రుక్మిణి చిక్కు తీరిపోయినది. అతడు నిజముగా మరణించియుండిన నేమగును? ఆ ప్రశ్నను నవల దాటవేసినది. పంతులుగారు దానికి సమాధానము పుస్తకమున గాక లోకమున జెప్పిరి. 1881 డిసెంబరు 11వ తేదిని రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించిరి. కలము జంకినచోట చేయి జంకలేదని సంతోషింతుము. అయినను మా కక్షిదారురాలికి కావలసిన యధ్యాయము, భర్త తిరిగి రాడని నిశ్చయమైన పిదప నొక స్త్రీ ఎట్లు బ్రదుకవలెనను నధ్యాయము, ఆ గ్రంథమున లేదు. అంతేకాదు, మంత్రగానిని జూచి పంతులుగారు నవ్వుదురు, మనమును నవ్వుదుము. ఆ మంత్రగానిని బిలిపించిన తల్లి భయము నవ్వదగినది గాదు.

నవ్వుమాత్రమే చాలదనుటకు మన గుంటూరు సీమకు దగ్గరి నిదర్శనము గలదు. పుస్తకము వెలువడిన రెండేండ్లకు, 1882 మే నెలలో, దివ్యజ్ఞానసమాజ స్థాపకులగు బ్లావట్‌స్కీ దొరసానియు ఆల్కాటు దొరయు చెన్నపట్టణమునుండి బకింగ్‌హామ్ కాలువపై పడవలో నెల్లూరు మీదుగా పెదగంజాము చేరి, అచ్చటినుండి పల్లకీలలో గుంటూరునకు వచ్చిరి. ఎండలు మండు నాళ్లలో అంతదూరము వచ్చిన యా యిరువురిని మన విద్యావంతులు ఆదరించిరి. గుంటూరున శాఖాసమాజమును వెలసినది. లండనున ఆత్మవిషయక పరిశోధనసంఘ మేర్పడినదియు ఆ యేడే. ఆ సంఘమువారు పంపగా హాడ్జ్‌సన్ అను యువకుడు అడయారునకు వచ్చి, మహాత్ములు పంపిరన్న లేఖలను, ఇతరాద్భుతములను బరీక్షించి, 1885లో సర్వము మోసమని నివేదిక వెలువరించెను. నూరేండ్లు గడచిన పిదప, 1986లో, కూటలేఖల పరీక్షయందు ఆరితేరిన హారిసన్ అను నాతడు అదే సంఘపు పత్రికలో, హాడ్జ్‌సన్ తీర్పు పక్షపాతముతో గూడినదని, చేవ్రాతను గూర్చిన సాక్ష్యము నిలువదని వ్రాసెను. అద్భుతములు నిజమని దీనివలన తేలలేదు. సంశయవాదియు తొందరపడునని మాత్రము తేలినది. న్యాయవాదులమైన మాకిది సిగ్గుగొలుపు పాఠము. మా వృత్తివాడే, గోదావరిసీమ తెలుగువాడే, చెన్నపట్టణపు హైకోర్టు వకీలు తల్లాప్రగడ సుబ్బారావుగారు ఆ సమాజమున గొప్ప పండితుడై వెలిగి, 1888లో విడిపోయి, 1890లో ముప్పదిమూడేండ్లకే గతించిరి. తర్కము నేర్చినవాడు ఇట్టివాని దరికి బోడనుట పొరపాటు.

కాగా మా చేతిలోని దానపత్రమునకు దగ్గరి వ్యాజ్యము 1868లో లండను చాన్సరీ కోర్టున నడచినది. లయన్ అను ధనవంతురాలగు వృద్ధవితంతువు, హోమ్ అను ప్రఖ్యాతుడగు ఆవాహకుని నోట భర్త మాటలు విని, అతనిని దత్తు చేసికొని, రమారమి అరువదివేల పౌనుల సొత్తు నిచ్చివైచెను. పిదప మనసు మారి దావా తెచ్చెను. న్యాయాధిపతి యామె సాక్ష్యమును ఏమాత్రము మెచ్చుకొనలేదు, అసత్యములాడినదని కోప్పడెను. అయినను సొత్తు తిరిగి యిమ్మని తీర్పు చెప్పెను. ఆత్మలు మాటలాడునా, ఆడవా యను ప్రశ్న ఆ తీర్పునకు అక్కఱలేకపోయినది. మనస్సును లొంగదీసికొన్న స్థానమున నున్నవాడు, ఆ దానము స్వేచ్ఛతో నీయబడినదని తానే రుజువు చేసికొనవలెను, చేసికొనలేకపోయెను. మన 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము 16వ సెక్షనునందలి యనుచితప్రభావ మిదియే. 1890లో అలహాబాదు హైకోర్టు, పరలోకసౌఖ్యమున కాశపడి గురువునకు సర్వస్వము నిచ్చిన వృద్ధుని దానమును ఈ న్యాయము ననుసరించియే కొట్టివైచినది.

కాబట్టి ప్లాటు విషయమున మాకు సందేహము లేదు. పత్రము వ్రాయమంటిమి. కాని న్యాయస్థానము సొత్తును తిరిగి యిప్పించగలదు. "నీమీద నాకు కోపము లేదు" అను మాటను తిరిగి తీసికొన్నప్పుడు దాని స్థానమున నేమి యీయగలదు? అబద్ధమైన యూరటను బోగొట్టుటకు మనకెంత యధికారము గలదు? దుఃఖితులను వారి భ్రమతో నుండనిండని చెప్పు సహృదయులు మా మిత్రులలో గలరు. వారి దయను శంకింపము. కాని ఆ దయయం దొక తక్కువచూపు దాగియున్నది. మనకు మాత్రము నిజము కావలెను, ఆమెకు కథ చాలుననుట సమానుల నడుమ పుట్టు మాట గాదు.

హూడిని యను గారడీవాని యుదంతము మాకిచ్చట తోచుచున్నది. తల్లియనిన ప్రాణము విడుచువాడు. 1922లో అమెరికా సముద్రతీరమున, షెర్లాక్ హోమ్స్ కథల కర్తయగు డాయిల్ దొరయు నాతని భార్యయు హూడినితో గూర్చుండిరి. దొరసాని పూనకమున పుటలకు పుటలు వ్రాసి, హూడిని తల్లి పంపిన లేఖయని యిచ్చెను. పై భాగమున సిలువగుర్తు. భాష చక్కని యింగ్లీషు. ఆ తల్లి యూదపురోహితుని భార్య. ఇంగ్లీషు సరిగా రానిది. హూడిని యా రోజున ఏమియు ననలేదు, పిదప బహిరంగముగా నిరాకరించెను, స్నేహము చెడినది. కొడుకును బోగొట్టుకొన్న డాయిల్ కపటి యని మేమనము. కాని తల్లిని గాఢముగా ప్రేమించిన వాడే నకిలీ తల్లిని సహింపలేకపోయెనని గ్రహింపవలెను. సంశయము శుష్కహృదయుల సొత్తని తలచువారికి దీని నెఱిగింపుడు.

మేము మా కక్షిదారురాలితో రెండుమారులు మాటలాడితిమి. మొదటిమారు మేము చేసినది తప్పు. సాక్షిని నిలదీసినట్లు, నీ భర్త నిన్నేమని పిలుచువాడు, ఆ గొంతుక యేమని పిలిచినది, మీ చేని కొలతలు దానికి దెలియునా యని ప్రశ్నలు గ్రుమ్మరించితిమి. జవాబులన్నియు మా పక్షముననే వచ్చినవి. ఆమె లేచి దండము పెట్టి వెడలిపోయినది. గెలిచిన వ్యాజ్యమున నింత చిన్నబోవుట మాకు క్రొత్త.

రెండవమారు మేము చట్టము మాత్రము చెప్పితిమి. 1856వ సంవత్సరపు వితంతు పునర్వివాహ శాసనము పెండ్లికి అనుమతి నిచ్చియు, రెండవ సెక్షనున, మరల పెండ్లాడినదానికి మొదటి భర్త ఆస్తి పోవునని వ్రాసినది. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము వలన ఆమె హక్కు సంపూర్ణమైనది. 1983లో పాతశాసనమే రద్దయినది. కావున పంతులును వివాహమాడినను ఆమె భాగపు ప్లాటులు ఆమెవే, కౌలు ఆమెదే. శాసనము విడిచిపెట్టిన పట్టును ఆ యమావాస్య గొంతుక తిరిగి బిగించుచున్నదని చెప్పితిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిదప ననినది:

"ఆ గొంతు ఆయనది కాదని నాకు తెలీదా, ప్లీడరుగారూ? పదహారేళ్లు విన్న గొంతండీ అది. మొదటి రాత్రే తెలిసింది."

"మరి యేల పోవుచుంటివమ్మా?"

"కోపం లేదని ఎవరో ఒకళ్లు అనాలి గదండీ. ఇక పంతులుగారి మాటంటారా, ఆయనే వద్దన్నాడంటే ఊరు నోరు మూసుకుంటుంది. నాకు నేనే వద్దంటే ఎందుకంటారు. కావాలంటే ఇంకా పెద్దగా అంటారు."

మాకు నోట మాట రాలేదు. మోసపోయిన దీనురాలిని రక్షింపబోయిన మేము, ఊరినోటికి వెరచి యొక చచ్చినవాని చాటున నిలువబడిన తెలివిగల స్త్రీని చూచితిమి. ఆ చాటును మేము తొలగించితిమి. ఊరినోటిని తొలగించు సాధనము మా బల్లపై నున్న చట్టపుస్తకములలో లేదు. పంతులుగా రా మొదటి వివాహమునకు పీటలమీది దంపతుల నొక్కరినే గాక, వెలికి జంకని స్నేహితులను, వంటవారిని, పురోహితుని వెదకి కూర్చుకొనవలసి వచ్చెనని మాకప్పుడు గుర్తు వచ్చినది. మేమా బడిపంతులు పెద్దలతోడను, ఆమె అత్తవారితోడను ఒక్కమారైన మాటలాడియుండలేదు. గొంతుకతో మాత్రమే వాదించితిమి.

దానపత్రపు చిత్తు సంతకము లేకుండ మా బీరువాలోనే యున్నది. ఆమె గడచిన అమావాస్యకు పోలేదని వింటిమి. ఆ ముందటి దానికి పోయినదనియు వింటిమి. వచ్చు ఆదివారమున ఆమె అత్తగారింటికి పోవుటకు, మా ఇల్లాలిని కూడ వెంట దీసికొనుటకు నిశ్చయించితిమి.