పెండ్లి రిజిష్టరును గూర్చి ఒక ధ్యానము

చదువవలసిన భాగములు: ఎజ్రా 2:59–63, యిర్మీయా 32:6–15, రూతు 4:9–11



ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయము మనలో అనేకులు దాటిపోవు అధ్యాయము. పేళ్ల వెంట పేళ్లు, లెక్కల వెంట లెక్కలు. ఆదివారపు పాఠముగా దానిని పెట్టినచో చదువువారు తడబడుదురు, వినువారు కునుకుదురు. అయినను ఆ పేళ్ల నడుమ ఒక పెండ్లి కథ దాగియున్నది. చెరనుండి తిరిగివచ్చిన యాజకులలో మూడు యిండ్లవారు తమ వంశపు వ్రాతను వెదకుకొనిరి. అది దొరకలేదు. దొరకనందున వారిని యాజకత్వమునకు దూరముగా నుంచిరి. మొదటి రెండు యిండ్లను గూర్చి వాక్యము మరేమియు చెప్పదు. మూడవ యింటిని గూర్చి మాత్రము ఒక సంగతి చెప్పుచున్నది. వారి పూర్వికుడు గిలాదువాడైన బర్జిల్లయి కుమార్తెలలో ఒకతెను పెండ్లాడి, ఆ మామగారి యింటి పేరే తాను పెట్టుకొనెను.

ఇల్లరికపు అల్లుళ్లను ఎరిగిన మన పల్లెలవారికి ఇది వింత కాదు. బర్జిల్లయి సామాన్యుడు కాడు. దావీదు కుమారునికి భయపడి పారిపోయిన దినములలో మహనయీములో అతనికి పరుపులు, గోధుమలు, తేనె తెచ్చి యిచ్చిన వృద్ధుడు. అట్టి యింటి పేరు పెట్టుకొనుట అల్లునికి గౌరవముగానే తోచియుండును. ఆ పేరు మార్పు ఎక్కడ వ్రాయబడెనో, వ్రాయబడలేదో, ఆ పెండ్లినాడు ఎవరికిని చింత లేదు. చింత వచ్చినది ఎన్నో తరముల తరువాత పుట్టిన బిడ్డలకు. పెండ్లి అబద్ధము కాదు, బిడ్డలు అబద్ధము కాదు, చూపుటకు వ్రాత లేదు, అంతే.

మన సంఘములలోను ఆ ఋణము తీర్చువారు పెండ్లికుమారుడును వాని తండ్రియు కారు. సహాయము కొరకు మా యొద్దకు వచ్చువారిలో ఎక్కువమంది విధవరాండ్రు. భర్త ఎక్కడనో చిన్న ఉద్యోగములో నుండి చనిపోవును. కుటుంబ పింఛను కావలెనన్నచో నీవు అతని భార్యవని చూపుమని ఆఫీసువారు అడుగుదురు. ఆమెకు అన్నియు జ్ఞాపకమే. పందిరి, మేళము, ఎన్ని బస్తాల బియ్యము వండిరో, ఏ పాట పాడిరో, చీర రంగేమో, అన్నియు చెప్పును. రిజిష్టరు ఏ గుడిలో నున్నదని అడిగినచో తెల్లబోయి చూచును. పెండ్లి చేసిన అయ్యగారి పేరు సగమే జ్ఞాపకము. విదేశములో నున్న భర్త యొద్దకు పోవలసిన కుమార్తెలకును ఇదే కష్టము వచ్చుచున్నది. మైకు సెట్టుకు ఇచ్చిన సొమ్ములో కొంచెము పెట్టినను చాలు, సర్టిఫికెట్టు చేతికి వచ్చియుండెడిది. ఈ మాట కొంచెము కటువుగా నున్నను చెప్పక తప్పదు.

కొందరు భక్తిపరులు, దేవుడే సాక్షియై యుండగా కాగితమెందుకందురు. యౌవనకాలపు భార్యకును భర్తకును నడుమ యెహోవా సాక్షియని మలాకీ చెప్పిన మాట మేమును నమ్ముచున్నాము. అయితే ఆ దేవుడే యిర్మీయా చేత ఏమి చేయించెనో చూడుడి. బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించియుండెను. ప్రవక్త బందీగృహపు శాలలో నుండెను. అట్టి వేళ అనాతోతులోని పొలమును పినతండ్రి కుమారుడైన హనమేలు యొద్ద పదియేడు తులముల వెండికి కొనెను. పత్రము వ్రాసి, ముద్ర వేసి, సాక్షులను పిలిపించి, వెండి తూచి యిచ్చెను. పత్రములు రెండు, ముద్ర వేసినది ఒకటి, తెరచియున్నది ఒకటి. ఆ రెంటిని మట్టికుండలో పెట్టుమని బారూకునకు ఆజ్ఞ అయ్యెను, బహుకాలము నిలుచుటకై. దేవునికి ఆ పత్రము అక్కరలేదు. తరువాత ఆ దేశములో కాపురముండవలసినవారికి అక్కర. బోయజును అట్లే, రూతు మీద తనకు ప్రేమ యున్నదని ఊరకుండక, గుమ్మములో పెద్దలను పదిమందిని కూర్చుండబెట్టి సాక్ష్యము పలికించెను. ఆమె పరదేశురాలు, విధవరాలు. రేపు ఎవడైనను ఆమెను త్రోసివేయకుండునట్లు చేసెను.

ఇక మన దేశపు సంగతి. క్రైస్తవ వివాహములకు 1872లో చేసిన భారత క్రైస్తవ వివాహ చట్టము నేటికిని ఆధారము. లైసెన్సు అను మాట విని మన యువకులు పొరబడుచుందురు. అమెరికాలో నున్న మన తెలుగు పిల్లలు పెండ్లికి ముందు తామే కౌంటీ ఆఫీసుకు పోయి లైసెన్సు పుచ్చుకొందురు. అక్కడ అది జంటకు ఇచ్చునది. మన చట్టము ప్రకారము లైసెన్సు పెండ్లి చేయు కాపరికి ఇచ్చునది. బిషప్పుగారి హస్తనిక్షేపణము పొందిన గురువు తన సంఘపు క్రమము చొప్పున పెండ్లి చేయవచ్చును. ఇతర సంఘముల పాస్టర్లకు రాష్ట్ర ప్రభుత్వము గెజెట్టులో ప్రకటించి లైసెన్సు ఇచ్చును, రద్దు చేయనువచ్చును. అధికారము లేక పెండ్లి చేసినవానికి పది సంవత్సరముల వరకు ఖైదు విధింపవచ్చునని చట్టము చెప్పుచున్నది. తెల్లబట్టలు కట్టి బైబిలు పట్టుకొన్న ప్రతివానికిని ఈ అధికారము లేదు. కాబట్టి ఆడపిల్ల తలిదండ్రులు, “అయ్యగారూ, మీకు లైసెన్సు ఉన్నదా? గెజెట్టు కాగితము ఒకసారి చూపుదురా?” అని అడుగుటకు సిగ్గుపడకూడదు. మంచి కాపరి ఆ మాటకు నొచ్చుకొనడు.

లైసెన్సు గల పాస్టరుగారికి జంటలో ఒకరు ముందుగా వ్రాతపూర్వకమైన నోటీసు ఇయ్యవలెను. ఇద్దరి పేళ్లు, వృత్తి, నివాసము, అక్కడ ఎంతకాలమునుండి యున్నారో, ఏ గుడిలో పెండ్లి కావలెనో, అన్నియు అందులో నుండవలెను. దానిని గుడిలో అందరికి కనబడు చోట అంటింతురు. అడ్డేమియు లేదని ఒకరు ప్రకటన చేసిన మీదట పాస్టరుగారు ధ్రువపత్రము ఇత్తురు. ఆ తేదీనుండి రెండు నెలలలోపల పెండ్లి కానిచో అది చెల్లదు, మరల నోటీసు ఇయ్యవలసినదే. ప్రత్యేకమైన అనుమతి లేనిచో ఉదయము ఆరు గంటలు మొదలు సాయంకాలము ఏడు గంటల లోపలనే పెండ్లి జరుగవలెను. ఊరేగింపు ముగియలేదని రాత్రి వరకు కాపరిని గుడి మెట్లమీద కూర్చుండబెట్టువారు ఈ సంగతి గమనింపుడి. పెండ్లికుమారునికి 21, పెండ్లికుమార్తెకు 18 సంవత్సరములు నిండవలెను.

పేళ్ల విషయములో మా మనవి వేరుగా చెప్పుచున్నాము, ఎజ్రా గ్రంథములోని చిక్కు ఇదే గనుక. మన పల్లెలలో బాప్తిస్మపు పేరొకటి, బడిలో వ్రాయించిన పేరొకటి. గుడిలో శాంతమ్మ, రేషను కార్డులో వేరొకతె. నోటీసు ఇచ్చునాడే రెండు పేళ్లును దాచక చెప్పి, ఇద్దరును ఒక్కరే యని తెలియునట్లు వ్రాయుమని అడుగుడి. ఇంటిపేరును, తండ్రి పేరును అక్షరము అక్షరము చూచుకొనుడి.

పెండ్లి రోజున సంతకములు చివరకు వచ్చును. అప్పటికి ఫొటోలవారు త్వరపెట్టుచుందురు, వంటవారు పిలుచుచుందురు. అయినను జంటయు, కాపరి గాక ఇద్దరు నమ్మకమైన సాక్షులును సంతకము చేయువరకు ఎవరును లేవకూడదు. చదువురాని పెండ్లికుమార్తె చేత వేలిముద్ర వేయించు ముందు అందులోనిది ఆమెకు చదివి వినిపింపవలెను. సాక్షులుగా దూరపు గొప్పవారికంటె, పది యేండ్ల తరువాత పిలిచినను రాగల సంఘ పెద్దలు మేలు.

తప్పు పడినచో గీకి దిద్దరాదు. రిజిష్టరును దురుద్దేశముతో పాడుచేసినవానికిని మార్చినవానికిని ఏడు సంవత్సరముల వరకు శిక్ష కలదు. దిద్దుటకు చట్టము చూపిన త్రోవ యిది. తప్పు కనుగొనిన నెలలోపల, దంపతుల యెదుట, వారు లేనిచో ఇద్దరు సాక్షుల యెదుట, మొదటి వ్రాతను ముట్టక, మార్జినులో సరియైన మాట వ్రాసి తేదీ వేసి సంతకము చేయవలెను. తప్పును దాచక దాని ప్రక్కనే సత్యమును నిలుపు ఈ పద్ధతి మాకు ఎంతో నచ్చినది.

ఇక భద్రపరచుట. భారతీయ క్రైస్తవుల వివాహములు వ్రాయు పుస్తకము నిండువరకు కాపరి యొద్ద నుండవలెను. ఆయన బదిలీ అయి ఆ జిల్లా విడిచినచో, తరువాత వచ్చినవానికి దానిని అప్పగింపవలెను. అది ఆయన సొంత సామాను కాదు. నిండిన పిమ్మట జనన మరణ వివాహముల రిజిస్ట్రారు జనరలు ఆఫీసుకు పంపవలెను. మట్టికుండ లేకపోయినను ఇనుప బీరువా యైనను సంఘములు కొనియిచ్చుట న్యాయము. చెదలకు మన పాత చెక్కపెట్టెలన్న ఎంత యిష్టమో అందరు ఎరిగినదే. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో వివాహముల నమోదును నిర్బంధము చేయుచు ఒక చట్టము చేసెను. 2006లో సుప్రీంకోర్టు ఏ మతమువారి పెండ్లియైనను నమోదు కావలెనని చెప్పెను.

వెదకియు దొరకనివారు గుండె చెదరవద్దు. అధికారము గలవారు సరిగా జరిపించిన పెండ్లి, నోటీసులోను, వేళలోను, రిజిష్టరులోను కలిగిన లోపము మాత్రముచేత చెల్లకపోదని చట్టములోని 77వ సెక్షను చెప్పుచున్నది. రుజువు చేయుట కష్టమగును గాని, ఆమె భార్య కాకపోదు. ఎజ్రా గ్రంథములోని అధికారియు ఆ యాజకులను శాశ్వతముగా వెళ్లగొట్టలేదు. ఊరీము తుమ్మీము గల యాజకుడు లేచువరకు ఆగుమనెను. సంఘ పెద్దలు ఆ స్త్రీకి సాక్ష్యము చెప్పుటకు ఒక దినపు కూలి పోగొట్టుకొని ఆఫీసుకు కూడ పోవలెను. ఒంటరిగా పంపవద్దు.

పుస్తకము ఎవరి వశమందున్నదో వారు, తగిన రుసుము పుచ్చుకొని, అందులో వెదకనిచ్చి, తమ సంతకముతో నకలు ఇయ్యవలెనని 79వ సెక్షను విధించుచున్నది. అట్టి నకలు న్యాయస్థానములలో సాక్ష్యముగా చెల్లును. కావున మొదట పెండ్లి జరిగిన గుడికి ఇప్పుడున్న కాపరిని కలిసికొనుడి. పెండ్లి చేసిన అయ్యగారు విశ్రాంతిలో నున్నను, ప్రభువునందు నిద్రించినను పని ఆగదు. అక్కడ లేదన్నచో పుస్తకము నిండి ఎప్పుడు ఏ ఆఫీసుకు పంపబడెనో అడిగి తెలిసికొనుడి. అర్జీలో ఇద్దరి పేళ్లు, తండ్రుల పేళ్లు, గుడి పేరు, సంవత్సరము, నెల వ్రాయుడి. తేదీ తెలియనిచో ఏ పండుగకు ముందో, ఏ పంట కాలమో పెద్దలను అడిగి వ్రాయుడి. వెదకువారికి అది దారి చూపును. రుసుమునకు రసీదు పుచ్చుకొనుడి. నకళ్లు రెండు అడుగుడి. అందులో ఒకటి భార్య పెట్టెలో, ఆమె తాళముక్రింద నుండనిండు.