వరానికి వెల: సూపర్‌హీరో ఆటల నియమాలలో కర్మ విచారం

తెలుగు చలనచిత్ర వాణిజ్య మండలి, రామానాయుడు స్టూడియో, దైవసన్నిధానం ఒకే పేటలో ఉన్న ఫిల్మ్‌నగర్‌లో అతీతశక్తుల కథలకు కొరత లేదు గాని, ఆ కథల్లో శక్తి ఎంత గొప్పదన్న దానికంటే అది ఎక్కడ ఆగుతుందన్నదే కథను నడుపుతుంది. 1990 నాటి ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో ఉంగరం పోగొట్టుకున్న దేవకన్య ఇంద్రజ స్వర్గానికి తిరిగి వెళ్ళలేకపోతుంది, 2024 సంక్రాంతికి వచ్చిన ప్రశాంత్ వర్మ ‘హను-మాన్’లో అంజనాద్రి యువకుడు హనుమంతుకు బలమిచ్చే మణికి సూర్యకాంతి తోడు కావాలి. హద్దు లేని శక్తికి ధర్మాధర్మ విచక్షణతో పని పడదు కనుక ఈ హద్దులను కేవలం ఉత్కంఠ కోసం పెట్టిన చమత్కారాలుగా కొట్టిపారేయకూడదు. శక్తికి వెల ఏమిటి, దాన్ని ఎవరు, ఎప్పుడు చెల్లిస్తారు అన్న ఈ ప్రశ్నకే అమెరికాలో సూపర్‌హీరో రోల్‌ప్లేయింగ్ ఆటలను రూపొందించినవారు అంకెల్లో సమాధానం వెతికారు. కొందరు బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రను ధరించి, ఆ పాత్ర ఏం చేయదలచిందో మాటల్లో చెబుతూ, ఫలితం సందిగ్ధమైన చోట పాచికలు వేసి తేల్చుకునే ఆటలివి. ప్రతినాయకులనూ మిగతా లోకాన్నీ నడిపే వ్యక్తిని గేమ్ మాస్టర్ అంటారు.

1981లో హీరో గేమ్స్ సంస్థ ప్రచురించిన ‘చాంపియన్స్’లో ప్రతి శక్తికీ పాయింట్లలో ధర ఉంటుంది. ఆ శక్తికి ఏదైనా పరిమితి తగిలిస్తే ధర తగ్గుతుంది: 60 పాయింట్ల శక్తికి ఒకటి అనే విలువగల పరిమితి పెడితే అది 30 పాయింట్లకే వస్తుంది. అంతకంటే ఆలోచింపజేసే నియమం మరొకటుంది. 1989 నాటి నాలుగో కూర్పు ప్రకారం సాధారణ సూపర్‌హీరోకు పుట్టుకతో దక్కేవి 100 పాయింట్లు. మరో 150 దాకా కావాలంటే వెంటాడే శత్రువు, ఆధారపడిన కుటుంబం, ప్రాణం తీయనన్న వ్రతం వంటి బరువులను నెత్తికెత్తుకోవాలి. అంటే వీరుడు తన సొత్తు కంటే తన రుణంతోనే ఎక్కువగా తయారవుతాడు.

కర్ణుని కథ తెలిసిన పాఠకుడికి ఈ లెక్క కొత్తగా తోచదు. అబద్ధమాడి నేర్చిన బ్రహ్మాస్త్రం అవసరానికి గుర్తురాదని పరశురాముడు శపించాడు. కవచకుండలాలు ఇచ్చి ఇంద్రుని నుంచి పొందిన శక్తి ఆయుధం ఒక్కసారికే పనికివస్తుంది, అర్జునుని కోసం దాచిన ఆ ఒక్కసారీ ఘటోత్కచుని మీద ఖర్చయిపోయింది. అయితే ఒక తేడా ఉంది. ఆటలో ఆటగాడు శాపాన్ని ధర తెలిసే ఎంచుకుంటాడు, కర్ణుడు ఎంచుకోలేదు. ఈ అభ్యంతరం బలమైనదే గాని, ఆటగాడు వేరు, పాత్ర వేరు అన్న సంగతిని అది విస్మరిస్తుంది. శత్రువు తనను ఎందుకు వెంటాడుతున్నాడో పాత్రకు తెలియదు. ఆ బరువును కోరి తెచ్చినవాడు బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. పూర్వజన్మలలో కూడిన కర్మలన్నిటినీ సంచితమనీ, వాటిలో ఈ జన్మలో అనుభవానికి వచ్చిన భాగాన్ని ప్రారబ్ధమనీ వేదాంతులు అంటారు. చేసినవాడూ అనుభవించేవాడూ ఒకే జీవుడైనా, అనుభవించేవాడికి చేసిన జ్ఞాపకం ఉండదు. కర్మ అన్న మాటే ఎత్తని ‘చాంపియన్స్’, ఆటగాడికీ పాత్రకూ మధ్య ఉన్న ఈ మరపు వల్ల, ప్రారబ్ధ భావనకు ఆశ్చర్యకరంగా దగ్గరవుతుంది.

1984లో టీఎస్ఆర్ సంస్థ తెచ్చిన ‘మార్వెల్ సూపర్ హీరోస్’ ఆటలో మాత్రం కర్మ అన్న పేరుతోనే ఒక నిధి ఉంది. ఆపన్నులను కాపాడితే అది పెరుగుతుంది. క్లిష్టమైన పని తలపెట్టినప్పుడు ఆటగాడు ముందుగా ప్రకటించి, అందులోంచి కొంత తీసి పాచికల ఫలితానికి కలుపుకోవచ్చు. వీరుడు ఎవరినైనా చంపితే ఆ నిధి మొత్తం ఆవిరవుతుంది. కర్మఫలం ఎప్పుడు పండాలో నిర్ణయించుకునే స్వేచ్ఛను మన సిద్ధాంతం కర్తకు ఇవ్వదు కనుక ఈ నిధి స్వభావం తపస్సుది. విశ్వామిత్రుడు కూడబెట్టిన తపస్సును త్రిశంకుని కోసం తన ఇష్టంతో ధారపోశాడు, కోపతాపాల వల్ల మళ్ళీ మళ్ళీ పోగొట్టుకున్నాడు. లెక్క సరిగ్గా ఇదే. ఆనుశాసనిక పర్వంలో భీష్ముడు దైవాన్ని విత్తనంగానూ పురుషకారాన్ని, అంటే మానవ ప్రయత్నాన్ని, క్షేత్రంగానూ చెప్పే సందర్భం ఈ నియమానికి మంచి వ్యాఖ్యానం: పాచిక దైవం, కలుపుకునే పాయింట్లు ప్రయత్నం, రెండూ కూడితేనే ఫలం. హింస విషయంలో మాత్రం ఈ ఆట మన సంప్రదాయానికి దూరంగా నిలుస్తుంది. రావణుని చంపిన రాముడు పుణ్యం మొత్తం కోల్పోడు. అయినా బ్రహ్మహత్యా దోషానికి రామేశ్వరంలో శివలింగ ప్రతిష్ఠ చేశాడని స్థలపురాణం చెబుతుంది. సంహారం ధర్మమే కావచ్చు, దాని శేషం తీర్చుకోక తప్పదు అన్న ఈ సూక్ష్మతను మార్వెల్ నియమం అందుకోలేదు; దుష్టసంహారంతో ముగిసిపోయే మన సినిమాలు కూడా ఆ శేషం జోలికి అరుదుగానే వెళ్తున్నాయి, ఇది చింతించవలసిన విషయం.

2002 నాటి ‘మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్’ పద్ధతి, ముఖ్యంగా దాని తరువాతి కూర్పులలో, ‘చాంపియన్స్’కూ మార్వెల్ ఆటకూ మధ్యేమార్గం: బలహీనత నిజంగా అడ్డుపడి బాధపెట్టినప్పుడే దానికి బదులుగా ఆటగాడికి హీరో పాయింట్ దక్కుతుంది.

కౌమార వీరుల కథల కోసం బ్రెండన్ కాన్వే రూపొందించిన ‘మాస్క్స్’ ప్రశ్ననే మారుస్తుంది. ఇందులో రక్షకుడు, ప్రమాదకారి వంటి ఐదు గుణాలకు అంకెలుంటాయి. పెద్దలూ తోటివారూ అన్న మాటలను బట్టి ఒకటి పెరిగి మరొకటి తగ్గుతుంది. మునుల శాపం వల్ల తన బలం తానెరుగని హనుమంతుడు సముద్రతీరాన జాంబవంతుడు గుర్తుచేశాకే పెరిగిన ఘట్టానికి ఇది అనువైన నియమమని మొదట తోస్తుంది. కాని ‘మాస్క్స్’లో మాట గుణాన్ని పుట్టిస్తుంది, జాంబవంతుని మాట మరపును తొలగించింది, అంతే. జ్ఞానం ఆత్మను కొత్తగా సృష్టించదనీ, అవిద్యను మాత్రమే పోగొడుతుందనీ అద్వైతులు చెప్పేది ఈ తేడానే. ఆ హనుమంతుని ఆట కాగితం మీదకు తేవాలంటే మళ్ళీ ‘చాంపియన్స్’ దగ్గరికే రావాలి: శక్తి సంపూర్ణంగా రాసి ఉండాలి, దాని పక్కన ‘మరొకరు గుర్తుచేస్తేనే’ అన్న పరిమితి ఉండాలి.