కూర్మనాథుని సన్నిధిలో యుక్తాహార చింతన

శ్రీమన్నారాయణుని దశావతారములలో రెండవది కూర్మావతారము. ఆ అవతారమూర్తి మూలవిరాట్టుగా పూజలందుకొను అరుదైన క్షేత్రము శ్రీకాకుళము జిల్లాలోని శ్రీకూర్మము. శ్వేతపుష్కరిణిలో స్నానమాడి, కూర్మనాథుని సేవించి వచ్చు యాత్రికులు పితృదేవతలకు తర్పణములు విడుతురు, సంతానమునకై, సంపదకై మ్రొక్కుకొందురు. అయితే ఆ స్వామి రూపమే ఒక ఉపదేశమని గ్రహించువారు కొందరే.

క్షీరసాగర మథన వృత్తాంతమును స్మరింపుడు. దేవదానవులు మందరపర్వతమును కవ్వముగా, వాసుకిని త్రాడుగా చేసికొని చిలుకనారంభించిరి. క్రింద ఆధారము లేని పర్వతము సముద్రములో మునిగిపోయెను. అప్పుడు శ్రీహరి కూర్మమై దానిని వీపున ధరించెను. ఆధారము నిలిచిన పిదపనే మథనము సాగినది. ఆ మథనమునుండియే అమృతకలశమును చేతబూని ధన్వంతరి ఆవిర్భవించెను. ధన్వంతరి ఆయుర్వేదమునకు అధిదైవము, శ్రీమహావిష్ణువు అంశము. అనగా ఆధారముగా నిలిచినవాడును, ఆరోగ్యముగా వెలువడినవాడును ఒక్క శ్రీహరియే. మన జీవితమను మథనమునకు దేహము ఆధారము. అది క్రుంగినచో జపము సాగదు, సేవ సాగదు, సంసారభారము మోయుటయు సాగదు. కావున దేహరక్షణము భోగలాలస కాదు, అది భగవత్సేవలో భాగమే.

గీతాచార్యుడు ద్వితీయాధ్యాయములో స్థితప్రజ్ఞుని వర్ణించుచు తాబేటినే ఉపమానముగా గైకొనెను. అది తన అవయవములను లోనికి ముడుచుకొనునట్లు జ్ఞాని ఇంద్రియములను విషయములనుండి మరలించుకొనునని స్వామి ఉపదేశము. తాబేలు కాళ్ళను నరికివేసికొనదు, అవసరమైనప్పుడు చాచును, అపాయమున ముడుచును. నిగ్రహమనగా నాశనము కాదని, వశములో నుంచుకొనుట అని దీనివలన తెలియుచున్నది. ఆ వెంటనే స్వామి ఇంకొక సూక్ష్మమును తెలిపెను. ఆహారము మానినవానికి విషయములు దూరమగునుగాని వానియందలి రుచి మిగిలియే యుండును, పరమాత్మ దర్శనమైనప్పుడే అదియు తొలగును. కేవలము కడుపు మాడ్చుకొన్నంత మాత్రమున జిహ్వ జయింపబడదని దీని తాత్పర్యము.

శ్రీకూర్మక్షేత్రమునకు యోగముతో గల సంబంధము శాసనములలోను కానవచ్చును. మధ్వాచార్యుల శిష్యులును, కళింగ గాంగరాజ్యమున అధికారము నెరపినవారును అయిన నరహరితీర్థులు క్రీ.శ. 1281లో ఇచ్చట యోగానంద నరసింహునికి ఆలయము నిర్మించిరి. హిరణ్యకశిపుని చీల్చిన ఉగ్రమూర్తియే యోగానందుడై ప్రశాంతముగా ఆసీనుడగుట గమనింపదగినది. శక్తి తగ్గలేదు, కుదుటపడినది. యోగఫలమును ఇంతకంటె చక్కగా చూపు రూపము వేరొకటి లేదు.

యోగమనగానే గుహలో శ్వాస బంధించుట, దేహమును కష్టమైన భంగిమలలో వంచుట అని పలువురు తలంతురు. గీత ఆరవ అధ్యాయములో స్వామి గృహస్థునకు సయితము సాధ్యమగు మార్గమును చూపెను. అతిగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని, అతిగా నిద్రించువానికిని, నిద్రయే లేనివానికిని యోగము కుదరదని, ఆహారము, విహారము, కర్మలు, నిద్ర, మేల్కొనుట ఇవియన్నియు తగుమాత్రముగా నున్నవానికి అది దుఃఖనాశకమగునని బోధించెను. ఇందు ‘యుక్త’మను పదము ముఖ్యము. యుక్తమనగా అందరికిని ఒకే కొలత కాదు. పొలములో దున్నువానికి తగినది అంగడిలో కూర్చుండువానికి ఎక్కువ, ఎదుగు బాలునికి చాలినది వృద్ధునికి భారము.

భగవద్రామానుజులు శ్రీభాష్యములో భక్తియోగమునకు ఏడు సాధనములను పూర్వాచార్యుల మాటగా చెప్పిరి. వివేకము, విమోకము, అభ్యాసము, క్రియ, కల్యాణము, అనవసాదము, అనుద్ధర్షము అనునవి అవి. వానిలో మొదటిదైన వివేకము ఆహారశుద్ధికి సంబంధించినదే. పదార్థము స్వభావమువలన, అది వచ్చిన ఆశ్రయమువలన, మాలిన్యము మొదలగు నిమిత్తమువలన కలుగు దోషములు లేని అన్నముచే దేహమును శుద్ధముగా నుంచుకొనుటయే వివేకము. ఈ మూడింటిని నేటి గృహమునకు అన్వయించుకొనవచ్చును. మనస్సును, ఉదరమును కలచివేయు పదార్థమును మానుట మొదటిది. అన్యాయార్జితమును విడుచుట రెండవది. తూకములో మోసగించి తెచ్చిన బియ్యము ఎంత మడితో వండినను శుద్ధము కాదు. ఈగలు వ్రాలినది, పాచిపోయినది, మురికినీటితో కడిగినది వర్జించుట మూడవది. చివరనున్న రెండు సాధనములును చిత్రమైనవే. అనవసాదము క్రుంగిపోకుండుట, అనుద్ధర్షము పొంగిపోకుండుట. వివేకముతో తినువాడు ఆ రెంటికిని నడుమ నిలువగలడు.

ఇక మితము. అన్నముతో ఉదరములో సగభాగమును, జలముతో పాతికభాగమును నింపి, తక్కిన పాతికను వాయుసంచారమునకు విడువవలెనని ఆయుర్వేదజ్ఞులు చెప్పుదురు. హఠయోగ గ్రంథములును నాలుగవ వంతును ఖాళీగా నుంచుటనే మితాహారమనినవి. దీనిని పాటించుటకు త్రాసు అక్కరలేదు. ఇంకొక ముద్ద తినగలనని తోచినప్పుడే చేయి కడుగుకొనుట చాలును. ఆవురావురుమని మ్రింగువానికి ఆ సూచన అందదు, నెమ్మదిగా నమలువానికే అందును.

ఈ నెమ్మదిని అలవరచుటకు వైష్ణవగృహములలో నివేదన అను మహోపాయము కలదు. వండినదానిని ముందుగా స్వామికి సమర్పించి, పిదప ప్రసాదముగా స్వీకరింతురు. గీత పదునైదవ అధ్యాయములో స్వామి తాను వైశ్వానరాగ్నియై ప్రాణుల దేహములందుండి అన్నమును పచనము చేయుచున్నానని సెలవిచ్చెను. కావున భోజనము ఒక హోమము. హోమములో ఎవ్వరును హవిస్సును కుమ్మరింపరు, కొలత చొప్పుననే వ్రేల్తురు. మాటలతో, కోపముతో, చేత సెల్‌ఫోనుతో హోమము చేయువాడు లేడు. భోజనమును అట్లే చేయవలెను.

నాగావళి, వంశధార, చంపావతి నదుల నడుమ నివసించు ప్రజలకు పూర్వులు ఇచ్చిన ఆహారసంపద అల్పమైనది కాదు. చోళ్ళ అంబలి, గంటెల సంకటి, సామలు, కొర్రలు, ఉలవలు, తరవాణి, మునగాకు, తోటకూర ఇవన్నియు ఈ నేలవే. రాగులను ఈ ప్రాంతమువారు చోళ్ళందురు. నూరు గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు, తెల్లబియ్యములో అది స్వల్పము. కాలక్రమమున మరపట్టిన తెల్లబియ్యమే గౌరవమను భావము ప్రబలి, చోళ్ళు పేదవాని తిండియని చులకనయయ్యెను. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా జరిపిన పిదప లోకము మరల వానివైపు చూచుచున్నది. మన పెరటి సంపదను పరులు మెచ్చిన పిదప మనము మెచ్చుకొనుట విచారకరమేయైనను, ఇప్పటికైనను మెచ్చుకొనుట మేలు.

గీత పదునేడవ అధ్యాయములో అతిగా ఉప్పు, పులుపు, కారము గలవి రాజసములని, వాని ఫలము దుఃఖము, రోగము అని చెప్పబడినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార నియమములు ఇందుకు భిన్నముగా లేవు. ఉప్పు దినమునకు 5 గ్రాములకు మించరాదని, నూనెను, చక్కెరను తగ్గించవలెనని, కూరగాయలు, పప్పుదినుసులు తగినన్ని తినవలెనని అందు కలదు. ఊరగాయ, అప్పడము, వడియము లేని విస్తరిని ఊహింపజాలని మన ఇండ్లకు ఇది పరీక్షయే. ఊరగాయను మానుమని కాదు. అది నంజుకొనుటకు పుట్టినదిగాని కలుపుకొని కడుపు నింపుకొనుటకు కాదని గుర్తుంచుకొనిన చాలును.

ఆహారమునకు తోడు విహారము కావలెను. శ్రీకాకుళమునకు చేరువనే అరసవల్లిలో సూర్యనారాయణస్వామి వెలసియున్నాడు. మార్చి, అక్టోబరు మాసములలో కొన్ని దినములు బాలభానుని కిరణములు గర్భాలయములోని స్వామిని స్పృశించును. ఆ ఆలయమునకు పోలేనివారును ప్రతి ఉదయము తమ ముంగిటనే సూర్యునికి నమస్కరింపవచ్చును. అంగములన్నిటిని వంచి, చాచి, శ్వాసతో జతపరచి చేయు సూర్యనమస్కారములు వ్యాయామము, ప్రాణాయామము, వందనము అను మూడింటిని ఒక్కటిగా చేయును. ఆసనము స్థిరముగా, సుఖముగా నుండవలెనని పతంజలి మహర్షి మతము. కాబట్టి వయస్సునకు మించి వంగనక్కరలేదు, పొరుగువానితో పోటీ పడనక్కరలేదు.

ఉత్తరాంధ్ర ఈ విషయమున ఒక మహాబలుని లోకమునకు చూపినది. వీరఘట్టములో జన్మించిన కోడి రామమూర్తినాయుడు విజయనగరములో వ్యాయామవిద్యను నేర్చి, నేర్పి, పిదప సర్కసు సంస్థను స్థాపించి దేశవిదేశములలో కీర్తి గడించెను. ఉచ్ఛ్వాసముచే వక్షమును పొంగించి ఇనుపగొలుసును త్రెంచుట, ఏనుగును ఛాతీపై నిలుపుకొనుట ఆయన ప్రదర్శనలు. ‘కలియుగ భీము’డని బిరుదందిన ఆ వీరుడు 1942లో కీర్తిశేషుడయ్యెను. ఆయన శాకాహారియై, ప్రాణాయామమును బలమునకు మూలముగా ఎంచెను. శాకాహారము బలహీనుల ఆహారమనువారికి ఆ జీవితమే సమాధానము. 2025 జూన్ 21వ తేదీన అంతర్జాతీయ యోగదినోత్సవమున విశాఖ తీరమునుండి భోగాపురము దిశగా లక్షలాది జనులు యోగాసనములు వేసిరి. ఒక్క దినపు ఉత్సాహము శుభారంభమే. అయితే యోగము అభ్యాసముచే ఫలించునుగాని ఉత్సవముచే కాదు.

ఉపవాసమును గూర్చి రెండు మాటలు. ఉపవాసమనగా భగవంతునికి సమీపమున వసించుట. తిరుప్పావై రెండవ పాశురములో గోదాదేవి వ్రతకాలమున నేతిని, పాలను విడుతుమనును, ఇరువదియేడవ పాశురములో అందరును కూడి నేయి కారునట్టి పాయసాన్నమును ఆరగింతుమనును. విడుచుటయు స్వామికొరకే, భుజించుటయు స్వామితోనే. ఏకాదశినాడు పగలంతయు మాడి, రాత్రి పలహారమను పేర నూనెపిండివంటలతో కడుపు నింపుట ఈ రెంటిలో దేనికిని చెందదు.

యుక్తాహారమునకు ఇంకొక వైపు కలదు. ఎక్కువ తినువానిని తగ్గించుకొమ్మనుట ఎట్టిదో, చాలనివారికి చాలినంత దొరకునట్లు చూచుటయు అట్టిదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్క ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనతతో నున్నారు. అన్నపూర్ణలని మనము కొనియాడు గృహిణుల స్థితి ఇది. దీనికి కారణములు పెక్కు, అందు ఒకటి మాత్రము మన వంటింటిలోనే యున్నది. అందరికిని వడ్డించి, చివర అడుగంటిన కూరతో, మజ్జిగనీళ్ళతో ఆమె భోజనము ముగించును. పైగా ఇంటిల్లిపాది క్షేమమునకై ఉపవాసములన్నియు ఆమెయే ఉండును. బొత్తిగా తిననివానికి యోగము లేదన్న గీతావాక్యము ఆమెకు వర్తింపదా? ఆమె తినక మిగిల్చినది త్యాగమని పొగడి ఊరకుండుట ధర్మమా? నివేదన అయిన పిదప ఇంటివారందరు ఒక్కపంక్తిని కూర్చుండి, పప్పును, ఆకుకూరను ఆమె విస్తరిలోను సమముగా వడ్డించినచో అది స్వామికి ప్రీతికరమైన కైంకర్యము. ఆకుకూరతోపాటు నిమ్మరసమో, ఉసిరికాయయో తినిన ఇనుము చక్కగా వంటబట్టును. భోజనముతో కాఫీ, టీలు త్రాగుట దానిని అడ్డగించును.

రోగులయెడ మరింత జాగరూకత వలయును. ఇదే జిల్లాలోని ఉద్దానము ప్రాంతమున ఏండ్ల తరబడి మూత్రపిండవ్యాధి కుటుంబములను కృంగదీయుచున్నది. 2023 డిసెంబరులో అచ్చటి ప్రజలకు శుద్ధజల పథకము, పలాసలో 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. అట్టి వ్యాధిగ్రస్తుల ఎదుట నిలిచి, నీవు నియమము తప్పినందుననే ఈ దురవస్థ అనుట మహాపచారము. ఆహారనియమము ఆరోగ్యమునకు తోడుగాని తీర్పు కాదు. మూత్రపిండ రోగికి పప్పు, ఆకుకూర, పండ్లు ఎంతెంత తగునో వైద్యుడే నిర్ణయింపవలెను. మధుమేహమునకు మందు వాడువారు వైద్యుని అడుగక ఉపవాసము ఉండరాదు, ఆసనములు వేయుచున్నామని మాత్రలు మానరాదు. ధన్వంతరిని పూజించువాడు వైద్యుని మాట త్రోసిపుచ్చుట ఆ పూజకే విరుద్ధము.

కావున భక్తులు ఈ కొన్నింటిని ఆచరణలో నుంచుకొందురుగాక. సూర్యోదయమున కొద్దిసేపు నమస్కారములు, ప్రాణాయామము. వేళకు భోజనము, నివేదన లేక ముద్ద ఎత్తకుండుట. వారమునకు రెండు మూడు దినములైనను చోళ్ళో, సామలో, కొర్రలో. ఉప్పు తగ్గించుట, ఉదరమున పాతికవంతు విడుచుట. ఇంటిలో చివర తినువారెవరో కనుగొని వారిని మొదటి పంక్తికి తెచ్చుట. ఇవి కఠినతపస్సులు కావు, అయినను నిత్యము చేసినచో తపస్సులే.

మందరగిరిని మోసిన కూర్మనాథుడు మన దేహములను తన సేవకు దృఢములుగా నిలుపుగాక! ప్రతి గృహమున అందరి విస్తరియు నిండుగా, ఎవ్వరి ఉదరమును అతిగా నిండక, అన్నము ప్రసాదమై వర్ధిల్లునుగాక!