పాపమున పాలులేనివారు

అధ్యాత్మ రామాయణమందు వాల్మీకి తన పూర్వచరిత్రను తానే శ్రీరామునకు చెప్పుకొనిన ఘట్టము మన యిండ్లలో చిన్నపిల్లలకు సైతము తెలిసినదే. దారులు కొట్టి ఆలుబిడ్డలను పోషించుచుండిన వానిని సప్తర్షులు నిలిపి, నీ పాపములో వారు పాలు పుచ్చుకొందురేమో అడిగి రమ్మనిరి. ఇంటివారు, నీవు తెచ్చినది తినుట వరకే మా వంతు గాని పాపము నీదేయని తెగవేసి చెప్పిరి. ఈ కథను మనము సంసారబంధముల నిస్సారతకు దృష్టాంతముగా వినిపించుచు, ఆ యింటివారి మాటను కృతఘ్నత యని గర్హించుచుందుము. నాకు మాత్రము ఆ మాటలో శుద్ధమైన న్యాయమే కానవచ్చుచున్నది. కర్మ కర్తదేయైనచో శిక్షయు కర్తదే కావలెను గదా! ఆనాడు ఋషులకు బదులు రాజభటులు ఎదురై వానిని చెరసాలకు కొనిపోయియుండినచో, మరునాడు ఆ యింట పొయ్యి రగుల్చువారెవరు?

ఏ జిల్లా జైలు గేటు ముందరనైనను ములాఖత్ రోజున నిలిచి చూచినచో ఈ ప్రశ్న శాస్త్రచర్చగా మిగులదు. ఒకనాటి కూలి వదలుకొని, బస్సు చార్జీలకు అప్పుచేసి, చంకలో బిడ్డతో, చేతిలో ఆధార్ కార్డుతో వరుసలో నిలుచున్న యిల్లాలు, వకీలు ఫీజుకై పుస్తెలు ఏనాడో కుదువపెట్టియే యుండును. జాలీకి ఆవల భర్త, ఈవల తాను. ఆ కొద్ది నిమిషములలో జామీను సంగతి, బియ్యము సంగతి, అత్తగారి మందుల సంగతి ముగియవలెను. బడిలో నాన్న యెక్కడనని యడిగినవారికి ‘దుబాయి పోయినాడు’ అని చెప్పుటకు బిడ్డకు ఆమె నేర్పియుంచును.

2022 సంవత్సరాంతమునకు మన దేశపు కారాగారములందున్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే, అనగా నేరము ఇంకను నిర్ణయము కానివారే, యని ప్రభుత్వ గణాంకములు చెప్పుచున్నవి. భర్త తప్పు తేలకమునుపే భార్యాబిడ్డల శిక్ష ఆరంభమగుచున్నదన్నమాట! భారతము ఆదిపర్వమందు మాండవ్యుడు, బాల్యమున తెలియక చేసిన పనికి శూలము వేయించిన ధర్మదేవతనే శపించి, 14 ఏండ్లలోపు చేసినది పాపముగా నెన్నబడదని కట్టడి చేసెను. తాను చేసిన దానికే పసివానిని దండింపరాదన్నచో, తండ్రి చేసిన దానికి దండించుటను ఏ ధర్మము సమర్థించును?

ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము ప్రతివాదిగానున్న ఉపాధ్యాయ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు, ఆరేండ్లలోపు బిడ్డ తల్లితో జైలులో ఉండవచ్చుననియు, ఆ బిడ్డను ఖైదీగా చూడరాదనియు, తిండి, బట్ట, వైద్యము, చదువు ఆ బిడ్డకు హక్కులనియు నిర్ణయించినది. గోడలోపలి బిడ్డకు ఒప్పుకొనిన హక్కు గోడవెలుపలి బిడ్డకు లేకపోవుటకు కారణము నాకు దొరకలేదు. 2014లో ఢిల్లీ ప్రభుత్వము, తల్లిదండ్రులు జైలులోనున్న పిల్లల పోషణకును విద్యకును ధనసహాయమునకై ప్రత్యేక పథకము పెట్టినది. ఇట్టి సహాయమును నేను దానమనలేను. సంపాదించు చేతిని సంఘము తన క్షేమముకొరకై కట్టివేసినపుడు, ఆ చేతి కూటిమీద బ్రదికినవారికి సంఘము ఋణపడినది.

హతుని యింట పొయ్యియు ఆరినదే గదా, హంతకుని బిడ్డలకు సొమ్మిత్తురాయని యడుగువారి ఆక్రోశము సత్యమైనది. దానిని తేలికగా త్రోసిపుచ్చువానిని నేను నమ్మను. ఆ యింటికి చెల్లింపవలసిన ఋణము మరింత పెద్దది, మొదట చెల్లింపవలసినది. కాని ఒక బిడ్డను పస్తుంచుటవలన మరియొక బిడ్డకు పట్టెడన్నము పెరుగదు.

ఇంగ్లండులో 2017లో లార్డ్ ఫార్మర్ సమర్పించిన నివేదిక, తమవారు వచ్చి చూచిపోవుచుండిన ఖైదీలు తిరిగి నేరము చేయుట 39 శాతము తక్కువయని తెలిపినది. ఉపయోగకరమైన మాటయే, కుటుంబమును నడుమ నుంచి ఖైదీని సంఘమునకు తిరిగి చేర్పవలెనను వారికి బలమైన ఆధారము. అయినను భార్యాబిడ్డలను ఖైదీ సంస్కారమునకు ఉపకరణములుగా మాత్రమే లెక్కించి, ఆ ప్రయోజనము కొరకే గ్రాంటు మంజూరు చేయుట తగదు. త్రాగివచ్చి తన్నిన మగడు విడుదలైనపుడు తలుపు తీయనొల్లని యిల్లాలు ఉండును. ఆమె అందుకొను నెలసరి సొమ్ము అతనిని చేర్చుకొనుటపై ఆధారపడియుండకూడదు. దరఖాస్తులో అతని సంతకము అవసరము కాకూడదు. పైకము ఆమె పేరిటి ఖాతాలోనే పడవలెను.