ఏడు హాలీలు, ఆఱు కల్దారులు

నిజాము ప్రభుత్వపు హాలీ సిక్కా రూపాయికిని బ్రిటిషు ఇండియా కల్దారు రూపాయికిని నడుమ ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున నెలకొన్న మారకము నూరు కల్దారులకు రూ. 116-10-8 హాలీ, జనుల నోట అది ఏడింటికి ఆఱు. సూర్యాపేటనుండి జనగామ పోవు త్రోవలోని తిరుమలగిరియందు రైతు ధాన్యమమ్మి రొంటిని దోపుకొన్న ఏడు రూపాయలు, కోదాడ గడచి, కరోడుగిరి యను సుంకపు నాకా దాటి, జగ్గయ్యపేట సంత చేరునప్పటికి ఆఱగుచుండెను. ఇందు మోసపోయినవాడెవ్వడును లేడు, దారిలో పడిపోయినదేమియు లేదు. అయినను ఏడవ రూపాయి కానరాదు. అది యెచ్చటికి బోయెనను ప్రశ్న షరాబు అంగడిలో పుట్టినదే కాని, దానికి సమాధానము షరాబుకడ సంపూర్ణముగా దొరకునది కాదు.

ఆ సీమలో నిందుకు మఱియొక వైచిత్ర్యము తోడయ్యెను. సూర్యాపేటకును కోదాడకును నడుమ మునగాల పరగణా, నలుదెసల నిజాము భూమి చుట్టుకొనియుండగా, తాను మాత్రము మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాకు చెందియుండెను. నాయని వేంకట రంగారావుగారు జమీందారుగను కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు దివానుగను నుండిన ఆ చిన్న పరగణాలో సర్కారు లెక్క కల్దారు. పొలిమేర గట్టు దాటినంతనే హాలీ. ఒకే చెఱువు నీట పండిన వడ్లకు గట్టునకీవల నొక వెల, ఆవల నొక వెల.

ఏడవ రూపాయి సంగతి తేల్చుటకు తార్కికుడు ముందుగా త్రాసు తెప్పించును. కల్దారు తులమెత్తు, అనగా 180 గ్రెయిన్లు. అందు పండ్రెండు పాళ్లకు పదునొకండు పాళ్లు వెండి, 165 గ్రెయిన్లు. హాలీ 172½ గ్రెయిన్లు తూగును, అందలి వెండి సుమారు 141. ఏడు హాలీల వెండి 987 గ్రెయిన్లు, ఆఱు కల్దారుల వెండి 990. భేదము రెండు గురిగింజల యెత్తైనను లేదు. హాలీని చేతబట్టి పరికించినచో చార్మినారు ద్వారమధ్యమున మహబూబు అలీఖాను కాలపు నాణెముపై 'మీము', ఉస్మాను అలీఖాను కాలపు దానిపై 'ఐను' అను అక్షరము నిలిచియుండును. అక్షరములకు అంకెలు కట్టు అబ్జదు లెక్కలో ప్రవక్త నామమును సూచించు 92 అను అంకెయు నందుండును. కల్దారుపై నున్నది ఆంగ్ల చక్రవర్తి శిరస్సు. ఛాందోగ్యమున ఉద్దాలకుడు శ్వేతకేతువునకు బంగారు ముద్దను చూపి యుపదేశించిన రీతిని, ఈ యక్షరములు, అంకెలు, శిరస్సులు నామరూపములు మాత్రమే, వెండియే సత్యము. వెండికి వెండి సమతూకముగా, చేతికి చేతిగా మార్చుకొనవలెనను ఇస్లాము ధర్మము దృష్టియు నిట్టిదే. యెరూషలేము దేవాలయపు పన్ను తూరు పట్టణపు వెండితోనే చెల్లింపవలసియుండెను. ఆ నాణెముపై మెల్కార్తు అను పరదేవత ముఖమున్నను, వెండి శుద్ధమగుటచే యూదులు దానిని సమ్మతించిరని చెప్పుదురు. ఇంతవఱకు త్రాసు మాట నెగ్గినది.

కాని త్రాసు ఎంతోకాలము నెగ్గలేదు. హైదరాబాదు సర్కారు 1918 లోనే కాగితపు నోట్లు వెలువరించెను. 1940 లో కల్దారులో వెండి సగమునకు దిగెను. 1947 లో వెండి పూర్తిగ పోయి నికెలు వచ్చెను. అధిష్ఠానమనుకొన్నది క్రిందినుండి జాఱిపోయినను, పైనున్న ఏడింటికి ఆఱు అను లెక్క మాత్రము చెక్కు చెదరక నిలిచెను. ఇచ్చట వేదాంతులకు శుక్తిరజత న్యాయము స్మృతికి రాకపోదు. ముత్యపు చిప్పయందు వెండి తోచును. ఇది చిప్ప యని తెలిసిన మఱుక్షణమున ఆ వెండి బాధితమగును, అనగా లేనిదని తేలును, దానిని ఏరుకొనుటకెవ్వడును వంగడు. నికెలు రూపాయియందును లేని వెండియే యున్నట్లు చెల్లుచున్నది. కాని యిది వెండి కాదని తెలిసినంతమాత్రమున దాని చెల్లుబాటు పోవుట లేదు. ఈ సంగతి నెఱిగిన కోమటి యెఱిగియే దానిని గల్లాపెట్టెలో వేసికొనును. జ్ఞానముచే బాధింపబడని దానిని ప్రాతిభాసికము, అనగా తోపు మాత్రము, అనుట పొసగదు. వస్తుతత్త్వముగ నిలువనిది గనుక పారమార్థికమును గాదు. రూపాయి విలువ శుద్ధ వ్యావహారికము. శంకరులు వ్యావహారికమునకు వేఱొక మెట్టు నేల విడిచిరో తెలియగోరువారు గ్రంథములు విప్పుటకు ముందు షరాబు అంగడి గుమ్మమున నొక పూట కూర్చుండుట మేలని నా యభిప్రాయము.

వ్యావహారికమనగా నెట్లయినను మలచుకొనదగినదని యెంచువారు కలరు. వారికొఱకు ఒక ధర్మసందేహము. కృష్ణ యొడ్డున నిజాము సీమ యంచున మట్టపల్లి నరసింహస్వామి వెలసియున్నాడు. ఏటికావల పల్నాడు, కల్దారు సీమ. బిడ్డ జ్వరము తగ్గినచో స్వామికి ఏడు రూపాయలు సమర్పింతునని తన యింట మ్రొక్కుకొన్న పల్నాటివాడొకడు, ఏరు దాటి వచ్చి, ఆఱు కల్దారులు మార్చి ఏడు హాలీలు గైకొని హుండీలో వేసి, మిగిలిన యొక కల్దారుతో నింటికి మఱలెననుకొందము. మ్రొక్కు చెల్లినదా? నోట పలికిన ఏడును హుండీలో నున్నవి. స్వామికి కల్దారేమి, హాలీయేమి, జగమంతయు మిథ్యయే కదా యని అతడు వేదాంతము పలుకవచ్చును. కాని రొంటినున్న ఆ యొక్క కల్దారు మాత్రము అతనికి మిథ్యగ తోపదు. ఆవలి యొడ్డున దానికి ఉప్పు, బెల్లము వచ్చునని యెఱిగియే దాచుకొనెను. వ్యవహారమును దాటినవాడు దానినిగూడ విడుచును. దాటనివాడు వ్యవహారమునకు లోబడవలెను. మాట యిచ్చినప్పుడు అతని మనసున నున్నది కల్దారు. కావున అతడు స్వామికి ఒక కల్దారు బాకీ. తిరుమలగిరి రైతు హాలీలు తలచి ఏడని మ్రొక్కి, బెజవాడ కనకదుర్గమ్మకు ఆఱు కల్దారులు సమర్పించినచో, చూచువారు ఒకటి తగ్గినదని గొణిగినను, అతని మ్రొక్కు నిండుగ చెల్లినది. రేటు దేవునికొఱకు గాదు, మాట యిచ్చినవానికొఱకు.

1948 సెప్టెంబరులో నిజాము రాజ్యము ముగిసిన పిదపను హాలీ వెంటనే అంతరింపలేదు. భారత రూపాయితోబాటు అదే మారకమున కొన్నియేండ్లు చెల్లి, 1959 లో పూర్తిగ రద్దయ్యెను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల నేటికిని కొన్ని యిండ్ల పెట్టెలలో తాతలనాటి అప్పు పత్రములు, భూమి క్రయ పత్రములు ఉండవచ్చును. అట్టివి చేతికి వచ్చినప్పుడు చిత్తుకాగితములలో కలిపివేయక, రూపాయి మాట ప్రక్కన హాలీయని యున్నదో కల్దారని యున్నదో ముందుగా చూడుడు. హాలీ యైనచో మొత్తమును ఏడింట భాగించి ఆఱింట గుణించి చదువుకొనుడు.